తూము కట్టినవారు, తూము ఎత్తేవారు

నస్రుల్లాబాద్ మండలం పుట్టింది 2016లో. జిల్లాలు విడిపోయినప్పుడు బీర్కూర్ నుంచి కొన్ని ఊళ్లు తీసి, కామారెడ్డి జిల్లాలో దీన్ని కొత్త మండలం చేశారు. ఇక్కడి వరి పొలాల వయసు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. నలభై దాకా ఊళ్లు ఖాళీ చేయించి కట్టిన ఆనకట్ట అది. అప్పటి లెక్క ప్రకారం 2,75,000 ఎకరాలకు నీరు పారాలి. బాన్సువాడ నుంచి బోధన్ దాకా ఎన్నో ఇళ్లలో ధాన్యం బస్తాలు, ఆడపిల్లల పెళ్లిళ్లు, పట్నంలో పిల్లల చదువులు ఆ కాలువ గట్టు మీదనుంచే నడిచి వచ్చాయి. ఆనకట్టకు రూపమిచ్చిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చరిత్రలో ఉంది. తూము షట్టరు ఎత్తి, నీళ్లు చివరి మడి దాకా చేరాయో లేదో గట్టు వెంట నడిచి చూసే లష్కర్ పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు. అయినా లష్కర్ లేని చోట ముందుగా ఎండేది చివరి ఆయకట్టేనని ఏ రైతైనా చెబుతాడు. జలాశయానిదీ అదే కథ. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టింది, ఒండ్రు మేటవేసి 17.8 టీఎంసీలకు దిగింది. కట్టడం ఒక్కసారి జరిగే పని, నడపడం ఏటేటా చెయ్యాల్సిన పని. కొండ ఊళ్లకు మనం చేసే సాయం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలా గందరగోళం తీరుతుంది.

మారుమూల గూడేలకు చదువు పేరుతో, సేద్యం పేరుతో వెళ్లే విరాళాల్లో తూములు కట్టే రకమే ఎక్కువగా కనిపిస్తుంది. బడి సంచులు, నోటు పుస్తకాలు, ఒక గది, దాని గోడ మీద దాత పేరు, సోలార్ దీపం, వానలు పడగానే వెయ్యి మొక్కలు. వీటిని వెక్కిరించడం సులువు, న్యాయం కాదు. లంబసింగి చలిలో దుప్పటి విలువ దుప్పటిదే. కానీ పదేళ్ల తర్వాత అదే ఊరికి వెళ్లి చూస్తే ఏం మిగులుతుందన్నది వేరే ప్రశ్న. వస్తువును పని చేయించే మనిషి అక్కడ ఉంటే ఆ వస్తువు పనికొస్తుంది, లేకపోతే చెదలు పడుతుంది. కొండ ఊరికి అలాంటి మనుషులు ముగ్గురు కావాలి. పిల్లల మాట తెలిసిన పంతులమ్మ, నాటిన మొక్కను నాలుగో ఏడు దాకా చూసుకునేవాడు, పండిన పంటను ఊళ్లోనే తూచి సరైన ధర చేతికిచ్చేవాడు. దాతలు ఎక్కువగా వెనకాడేది ఈ ముగ్గురి జీతం దగ్గరే. ఆ జీతాలు ఎవరో ఒకరు ఏళ్ల తరబడి మోసిన చోటే కొండల్లో మార్పు నిలిచింది. ఈ మాటకు మన దగ్గరే రుజువులున్నాయి.

మొదటి రుజువు నిజాంసాగర్ కట్టిన ప్రభుత్వానిదే. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమురం భీం కాల్పుల్లో చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని హైదరాబాద్ సర్కారుకు అప్పటికి తోచింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆదిలాబాద్ కొండల్లోని మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టారు. ఆయన చూపిన దారిలో రెండు పనులు జంటగా నడిచాయి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. పట్నం నుంచి పంతుళ్లను పంపితే నెల తిరక్కుండా కొండ దిగిపోతారని తెలిసి, గోండు యువకులకే ముందు అక్షరాలు నేర్పి వాళ్లనే పంతుళ్లను చేశారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. అదే కాలంలో సేతు మాధవరావు పగడి వంటి అధికారులు ఆ కొండల్లో పనిచేశారు, సుమారు 1,60,000 ఎకరాలు ఆదివాసుల పేరు మీదికి వచ్చాయి. ఈ రెండూ ఒకదానికొకటి కాపలా. చదవడం రానివాడి పట్టా ఏదో ఒకరోజు సావుకారి పెట్టెలో తేలుతుంది. భూమి లేనివాడి కొడుకు బడికి బదులు ఎవరి ఇంటనో జీతగాడిగా కుదురుతాడు. ఎనభై ఏళ్ల కిందటి ఆ అధికారులకు అర్థమైన ఈ సంగతి నేటి విరాళాల దరఖాస్తుల్లో అరుదుగా కనిపిస్తుంది. చదువుకు ఒక పెట్టె, వ్యవసాయానికి ఇంకో పెట్టె. దేనికి టిక్కు పెడితే దానికే డబ్బు.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది. నిజాం పాలన పోయింది, ఆ ప్రత్యేక వ్యవస్థ పలచబడింది, రోడ్ల వెంట బయటివారు వచ్చి స్థిరపడ్డారు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదంటూ 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం వచ్చినా, అప్పటికే ఎన్నో పొలాలు చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పుల దాకా వెళ్లిన కోపానికి మూలం ఈ భూమి గొడవే. మళ్లీ వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్ ఈ నష్టాన్ని 1982లో వెలువడిన తన పుస్తకంలో దాపరికం లేకుండా రాశాడు. పట్టాలు ఉన్నాయి, చట్టమూ ఉంది, ఊళ్ల వెంట తిరిగి వాటిని అమలు చేసే మనుషులే తగ్గిపోయారు. బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది, 1995లో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ అస్థికలూ అక్కడికే చేరాయి. గోండులు ఏటా అక్కడ ఆ ఇద్దరినీ తలుచుకుంటారు.

రెండో రుజువు మన కాలానిది, అరకుది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయ 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడి కాఫీ గురించి వినని తెలుగువారు ఇప్పుడు తక్కువే. అయితే ఈ కథను సాధారణంగా పారిస్ దుకాణం దగ్గర మొదలుపెడతారు, అదే పొరపాటు. తూర్పు కనుమలకు కాఫీ మొక్క బ్రిటిషువారి కాలంలోనే వచ్చింది. 1960ల నుంచి అటవీ శాఖ తోటలు పెంచింది. ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. కొండ సరుకు కొనడానికి గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, 1956 నుంచి ఉంది. అంటే మొక్కకు లోటు లేదు, శాస్త్రానికీ లోటు లేదు. అయినా చాలా ఏళ్లపాటు రైతుకు దక్కింది అంతంతమాత్రమే. కారణం ఆ పంట స్వభావంలోనే ఉంది. ఒకే కొమ్మ మీద కాఫీ పండ్లన్నీ ఒక్కసారి పండవు. నవంబరు నుంచి జనవరి దాకా, ఎర్రబడినవాటినే ఏరుతూ అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. కోసిన పండుకు ఆ రోజే తొక్క తీసి, కడిగి, నేల తగలకుండా ఆరబెట్టాలి. ఇందులో ఒక్కటి తప్పినా రుచి పోతుంది, రుచితోపాటు ధర పోతుంది. పక్కన తొక్క తీసే మిషను లేని రైతు పచ్చీ పండూ కలిపి దూసి, వాకిట్లో ఎండబెట్టి, సంతలో అప్పిచ్చిన షావుకారికే పోస్తాడు. అతనికి మొక్కలు ఎన్ని ఉచితంగా ఇచ్చినా ఆ సంత ధర మారదు.

1998లో డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కె. అంజిరెడ్డి తదితరుల పూనికతో హైదరాబాద్‌లో పుట్టిన నాంది ఫౌండేషన్ అరకులో చేసిన పని ఈ సంత దగ్గర మొదలవుతుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద చిన్న, సన్నకారు గిరిజన రైతుల సంఘం ఏర్పడింది. పండును ఊళ్ల దగ్గరే తూచి తీసుకుని ఒకచోట శుద్ధి చేసే ఏర్పాటు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడ, దాని మీదికి పాకే మిరియం తీగ, కింద కాఫీ, మధ్యలో పండ్ల చెట్లు, రసాయన ఎరువు బదులు ఊళ్లోనే తయారయ్యే కంపోస్టు. ఇవన్నీ నేర్పడానికి తోట తోటకూ తిరిగే మనుషులు వచ్చారు. 2009 నుంచి 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో ఏటా రుచి పోటీ పెట్టి, విదేశీ నిపుణుల ముందు ఏ ఊరి కాఫీ ఎలా ఉందో తేల్చారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. తన పండు రుచి ఎంతో తెలిసిన రైతు సంతలో బేరమాడగలడు. మొక్కలకు కావలసిన పెద్ద పెట్టుబడిలో కొంత డానోన్ వంటి ఫ్రెంచి కంపెనీలు కలిసి పెట్టిన లైవ్‌లీహుడ్స్ నిధి నుంచి వచ్చింది. చెట్లు పీల్చుకునే కర్బనం లెక్క కట్టి, ఇరవై ఏళ్ల దృష్టితో ఇచ్చిన డబ్బది. వాళ్లు దయతో ఇచ్చారా, తమ పొగ లెక్క సరిచేసుకోవడానికి ఇచ్చారా అని వాదించుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించేది ఆ ఇరవై అనే అంకె. 2017లో పారిస్‌లో దుకాణం తెరవడం, మరుసటి ఏడు అక్కడి ప్రి ఎపిక్యూర్ పోటీలో స్వర్ణం, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు, ఇవన్నీ వెనకటి పదిహేనేళ్ల గట్టు నడకకు వచ్చిన ఫలితాలు.

తోటకూ బడికీ ఉన్న లంకె పంట క్యాలెండరులోనే కనిపిస్తుంది. కాఫీ కోత సరిగ్గా బడి నడిచే నెలల్లో వస్తుంది. కూలి పెట్టుకునే స్తోమత లేని ఇంట్లో పదేళ్ల పిల్ల చేతులే కూలి. తల్లిదండ్రులు కోతకు వెళ్తే చంటిబిడ్డను చూసేదీ ఆ పిల్లే. సావుకారి బాకీ తీరి, పండుకు మంచి ధర వచ్చిన ఇల్లు ఆ పిల్లను బడికి పంపగలదు. ఇక్కడ ఉపన్యాసాలతో పని జరగదు. అయితే పంపాక బడిలో ఏం దొరుకుతుందన్నది మిగిలే ఉంటుంది. ఇంట్లో కువి భాష మాట్లాడే పిల్లకు ఒకటో తరగతిలో తెలుగు వాచకం చేతికిస్తే, అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ చిక్కును గుర్తించి 2003-04లో ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది: గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. మంచి ఆలోచన. వాచకాలు అచ్చయ్యాయి. ఆ వాచకం చదివి చెప్పే మనిషిని మాత్రం చిన్న వేతనం మీద తాత్కాలికంగా పెట్టారు. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనంటూ 2000 జనవరిలో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదన్న తీర్పులోని తర్కం ఎలా ఉన్నా, పిల్లల మాట తెలిసిన పంతులు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇది అరకు సంగతే అనుకోనక్కరలేదు. కామారెడ్డి జిల్లా తండాల్లో ఇంట్లో 'యాడి' అని పిలిచే పిల్ల బడిలో 'అమ్మ' అని రాయడం నేర్చుకోవాలి. పలక మీది మొదటి మాటే ఆమెకు పరభాష.

ఈ ఖాళీలో విరాళం ఎంత పని చెయ్యగలదో చూపిన నమూనా నన్హీ కలీ. కె.సి. మహీంద్రా ఎడ్యుకేషన్ ట్రస్టు 1996లో ఆడపిల్లల చదువు కోసం మొదలుపెట్టిన ఈ కార్యక్రమాన్ని 2005 నుంచి నాందితో కలిసి నడిపారు. అరకు ఊళ్లకూ అది చేరింది. దాని పనిముట్టు చాలా సాదాది. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండే చదువుకున్న యువతి ఒకామె, బడి వేళకు అటూ ఇటూ రోజుకు రెండు గంటలు పిల్లల్ని కూర్చోబెట్టి, తరగతిలో అర్థం కానిది అర్థమయ్యేలా చెబుతుంది. సంచీ, సబ్బూ కూడా ఇస్తారు కానీ అసలు సరుకు ఆ రెండు గంటలు. పిల్ల వరసగా మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి కనుక్కునే మనిషి ఊళ్లోనే ఉంది. ఈ పని ఫొటోకు అందదు. రిబ్బను కత్తిరించడానికి గుమ్మం ఉండదు. అందుకే ఇలాంటి పనికి దాతను ఒప్పించడం గది కట్టించడానికి ఒప్పించడం కంటే కష్టం.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం దాతదే: నా డబ్బు జీతాలకు పోతుందా? ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. చందాలతో పట్నంలో ఆఫీసులు అలంకరించుకున్న సంస్థలు లేకపోలేదు. చట్టం కూడా ఆ అనుమానాన్నే నమ్మింది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. కానీ పట్నంలో మేనేజరు కారు ఖర్చునూ, కొండల్లోని పెదబయలులో పిల్లలకు పాఠం చెప్పే అమ్మాయి జీతాన్నీ మనసులో ఒకే ఖాతాలో వేసుకోవడం దాతల పొరపాటు. లష్కర్ జీతాన్ని నీటిపారుదల శాఖ దుబారా అని ఏ రైతూ అనడు. ఇంకో చిక్కు గడువుది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చెయ్యాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మంచి చట్టమే. 2021 నాటి నిబంధనల్లో కొనసాగే ప్రాజెక్టుకు గడువు ఇలా పెట్టారు: మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మూడేళ్లు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, దానికి ముందు నీడ చెట్టు లేవాలి. అంటే కంపెనీ ఫైలు మూసే వేళకు కొండ మీద తొలి పండు ఎర్రబడుతూ ఉంటుంది. ఒకటో తరగతిలో చేర్చిన పిల్ల నాలుగో తరగతిలో ఉంటుంది. మళ్లీ కొత్తగా మంజూరు చేసుకునే కంపెనీలు ఉన్నాయి, కానీ చెట్టు వయసును బట్టి లెక్క వేసుకునేవి కొన్నే.

రెండో అభ్యంతరం మన జిల్లావారికి బాగా తెలిసిన పేరుతో వస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి మాలావత్ పూర్ణ, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మరి పిల్లల్ని గురుకులాల్లో చేరిస్తే సరిపోదా, ప్రతి గూడెంలో ఒక బడిని పట్టుకుని వేలాడటం దేనికి అంటారు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో మొదలైన గురుకుల పద్ధతి తెలుగు నేల చేసిన గొప్ప పనుల్లో ఒకటి, అందులో సందేహం లేదు. కానీ తెలంగాణ గురుకులాల్లో చేరిక ఐదో తరగతిలో, అదీ ప్రవేశ పరీక్ష రాసి. ఆ పరీక్ష రాయగలిగేలా మొదటి నాలుగేళ్లు ఎవరు తయారు చేస్తారు? ఊరి బడే. ఊరి బడి చెడిపోయిన చోట గురుకులం సీటు పక్క ఊళ్లో ట్యూషను కొనగలిగిన ఇంటికి పోతుంది. పైగా తోట దగ్గర, తల్లి దగ్గర పెరగాల్సిన పిల్లలందరినీ హాస్టలుకు పంపితే ఆ తోటను రేపు చూసేదెవరన్న ప్రశ్న కూడా ఉంది. చదువుకున్నవాళ్లు కొండ దిగిపోతారన్న భయం నిజమే, నస్రుల్లాబాద్ నుంచి గల్ఫ్ దాకా మనకూ అది అనుభవమే. వాళ్లను ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదు. తోటలో మంచి బతుకు ఉంటే కొందరైనా ఉంటారు, అంతవరకే ఎవరైనా చెయ్యగలరు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైంది. కడుపుకు తినే రాగి, సామలు పండించే కొండవాళ్లను న్యూయార్క్ మార్కెట్టు కాఫీ ధరకు కట్టేస్తే వాళ్ల గతేమిటి? 2001 ప్రాంతంలో కాఫీ ధర ప్రపంచమంతటా కుప్పకూలింది, 2025 మొదట్లో అదే అరబికా రికార్డు ఎత్తుకు పోయింది. ఆ రెండింటిలో దేనిలోనూ అరకు రైతు చెయ్యి లేదు. 2025లోనే అరకు తోటల్లో కాయ తొలిచే పురుగు కనిపించి, పండ్లను ఏరి నాశనం చెయ్యాల్సి వచ్చింది. ఈ అభ్యంతరం సగం సరైనదని ఒప్పుకోవాలి. ఒక్క కాఫీనే నమ్మిన కొండకు భద్రత లేదు. అందుకే మిరియం, పసుపు, చింతపల్లి రాజ్మా, పెరటి రాగి పక్కన ఉన్న చోటే కాఫీకి అర్థం ఉంది. ఈ విషయంలో మనకు దగ్గరి పాఠం కొండల్లో కాక ఎర్రనేలల్లో ఉంది. బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డిలతో ఒకే లోక్‌సభ స్థానంలో ఉన్న జహీరాబాద్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేసింది. పి.వి. సతీశ్ తదితరులు మొదలుపెట్టిన ఆ సంస్థలో బలమంతా పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళల సంఘాలది. 1990ల్లో బీడు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పిచ్చి, ఆ బాకీని డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉంచి, తిండికి కటకటగా ఉండే నెలల్లో పేదలకు చవగ్గా అమ్మారు. మచ్నూర్‌లో 'పచ్చసాలె' పెట్టి పిల్లలకు వాచకంతోపాటు చేతిపనీ సేద్యమూ నేర్పారు. బయటి మార్కెట్టుతో పొత్తు లేకుండా ఇదంతా సాధ్యమైంది. అరకు ప్రపంచాన్ని నమ్ముకుంది, పస్తాపూర్ ఊరిని నమ్ముకుంది. రెండింటిలోనూ తూకం, ఖాతా, నిర్ణయం ఊరివాళ్ల చేతిలోకి వచ్చాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ జహీరాబాద్ మహిళలకు దక్కింది.

ఇదంతా ప్రభుత్వం పని కదా, దాతలు ముందుకొస్తే సర్కారు వెనక్కి తగ్గదా అనేవారికి నా జవాబు: అవును, తగ్గుతుంది, కొన్నిచోట్ల తగ్గింది కూడా. అందుకే ప్రభుత్వ బడికి పోటీగా ట్రస్టు బడి పెట్టడం కొండల్లో మంచి పని కాదని నా అభిప్రాయం. ట్రస్టు వెళ్లిపోయిన రోజున పాత బడి కూడా మూతపడి ఉంటుంది. దాత డబ్బుకు తగిన పని వేరే ఉంది. ప్రభుత్వం భయపడే ప్రయోగాన్ని తన ఖర్చు మీద చేసి చూపించడం, నష్టం వస్తే తానే భరించడం. అరకులో ఆ దారి పనిచేసింది. 2015 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాదాపు 526 కోట్ల రూపాయల ప్రణాళికతో మరో లక్ష ఎకరాల్లో కాఫీ వెయ్యడానికి పూనుకుంది, జీసీసీ కూడా రైతుల దగ్గర నేరుగా కొనడం పెంచింది. పాడేరు ఏజెన్సీలో ఇప్పుడు రెండు లక్షల ఎకరాలకు పైగా ఉన్న తోటల్ని ఏ ట్రస్టూ మోయలేదు, మోయాల్సిన పని కూడా లేదు.

మనకే కష్టాలుంటే కొండవాళ్లకు ఎందుకివ్వాలని కాలువ కింద రైతు అడగవచ్చు. బోరు ఎండిన ఏడు, వడ్లు కాంటా కాక కల్లంలో తడిసిన ఏడు ఆ ప్రశ్న న్యాయమే. కానీ ఆంధ్ర వైపు ఒక లెక్క చూడండి. సీలేరు కొండల్లో కరెంటు తీసి వదిలిన నీళ్లు శబరి మీదుగా గోదావరిలో కలుస్తాయి. యాసంగిలో గోదావరి డెల్టా వరి చాలా మేరకు ఆ నీళ్ల మీదే గట్టెక్కుతుంది. వాన కొండ మీద పడుతుంది, జలాశయం కొండ లోయలో కడతారు, మునిగేది కొండవాళ్ల ఊరు, పండేది మైదానం. మంజీర దగ్గర కూడా నలభై ఊళ్లు మునిగాకే మనకు కాలువ వచ్చింది. 1931లో మనకొచ్చిన నీటిని ఎవరూ దానం అనలేదు, ప్రభుత్వ పెట్టుబడి అన్నారు. కొండకు పంపే డబ్బుకు మాత్రం ధర్మం అని పేరు పెట్టుకుంటున్నాం.

చదువరులకు ఒక మాట. వచ్చే జూన్‌లో ఎవరైనా గాంధారి వైపు తండాల బడికో, పాడేరు వైపు గూడేలకో సంచులు పంచుతామని చందా అడిగితే కాదనకండి. ఇచ్చే ముందు మాత్రం అడగండి: ఆ బడిలో పిల్లల మాట తెలిసిన టీచరు ఎవరు, ఆమెకు మార్చి దాకా జీతం ఇచ్చేదెవరు? మొక్కలు నాటుతామంటే, నాలుగో ఏడు వాటి దగ్గరికి వెళ్లేదెవరో, పండితే కొనేదెవరో కనుక్కోండి. జవాబు లేకపోతే మీ చందా మొత్తాన్ని ఆ జీతం కిందే రాయించండి. రశీదు మీద ఆ మాట స్పష్టంగా ఉండేలా చూసుకోండి.